‘కాస్త చూడు’ అంటే ఏం చూడాలి?

నైట్ డ్యూటీ ఎనిమిదింటికి. ఆ రోజు నేను ఏడుంబావుకే వెళ్ళి నర్సింగ్ స్టేషన్‌లో కూర్చున్నాను. ఎదురుగా ఒక తెల్ల కాగితం. దాన్ని నిలువుగా మూడు భాగాలు చేసి, పైన ముగ్గురి పేర్లు రాసి, కింద బెడ్ నంబర్లు వేశాను. 1 నుంచి 10 కొత్తమ్మాయికి, 11 నుంచి 21 నాకు, 22 నుంచి 32 నెల్లూరు అక్కకి. రెండు నిమిషాల పని. ఇంత సులువైన దానికి ఇన్‌చార్జ్ అని పేరెందుకో అనుకున్నాను కూడా.

నేను జిఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేశాను. చదువు ఒంగోలులో, ఉద్యోగం విజయవాడలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో. మొదటి నాలుగేళ్ళూ ఐసీయూలోనే గడిచాయి. ఐసీయూలో పనిచేసేవాళ్ళకి పేషెంట్లను పంచడం అనేదొక పని ఉంటుందనే తోచదు. వెంటిలేటర్ మీద ఒకరు, పక్కన కాస్త తేరుకుంటున్నవారు ఇంకొకరు, డ్యూటీ దిగేదాకా ఆ ఇద్దరే లోకం. తర్వాత నన్ను మెడికల్ వార్డుకు మార్చారు. 32 బెడ్లు. మూడు నెలలు తిరక్కుండానే అక్కడి నైట్ ఇన్‌చార్జ్ సిస్టర్‌కి గల్ఫ్ వీసా వచ్చి వెళ్ళిపోయింది. సూపరింటెండెంట్ మేడం పిలిచి, “ఐసీయూలో చేసిన పిల్లవి, నీకు వార్డొక లెక్కా? రేపట్నుంచి నువ్వే చూసుకో” అంది. జీతం పెరగలేదు. నిందలు పడే జాగా మాత్రం పెరిగింది.

రాత్రిపూట మేం ముగ్గురం నర్సులం. ఏఎన్‌ఎం అనే చిన్న నర్సింగ్ కోర్సు చేసి అసిస్టెంట్‌గా చేరిన ఒక అమ్మాయి, ఒక ఆయమ్మ, ఒక వార్డ్ బాయ్. జనరల్ వార్డులో 6 మంది పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని కేంద్రం వేసిన స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ లెక్క. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో టీచింగ్ ఆసుపత్రికి 1:3, మామూలు ఆసుపత్రికి 1:5, సెలవుల కోసం పైన ఇంకో 30 శాతం మంది. మేమంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న అంకెలే ఇవి. మా వార్డు నిండిన రాత్రి 32ని 3తో భాగిస్తే ఎంతొస్తుందో మీరే చూసుకోండి. ఉన్నవాళ్ళతో నడపాలి కాబట్టి పంపకం సరిగ్గా ఉండాలి. కానీ పంపకం ఎలా చేయాలో మాకు ఎవరూ చేతబట్టి నేర్పలేదు. మేనేజ్‌మెంట్ పేపర్లో ఫంక్షనల్ నర్సింగ్, టీమ్ నర్సింగ్, ప్రైమరీ నర్సింగ్ అని మూడు పేరాలు బట్టీపట్టి రాశాం, అంతే.

నేను వచ్చేనాటికి ఆ వార్డులో పేషెంట్లను కాదు, పనులను పంచుకునేవాళ్ళు. ఒకరు ఇంజెక్షన్లు, ఒకరు బీపీ, టెంపరేచర్, షుగర్లు, ఒకరు కేస్ షీట్లు, డాక్టర్ల వెంట రౌండ్లు. పని గబగబా తెమిలేది, కాదనను. ట్రే పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పోతే ఇంజెక్షన్లు గంటలో అయిపోయేవి. కాకపోతే డ్యూటీ డాక్టరొచ్చి “14 ఎవరు చూస్తున్నారు?” అంటే ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్ళం. 14వ బెడ్ పెద్దాయనకి యాంటీబయాటిక్ ఇచ్చినామెకు ఆయన బీపీ తెలియదు, బీపీ చూసినామెకు ఆయనకు సాయంత్రం నుంచి యూరిన్ రాలేదని తెలియదు. అన్నీ కాగితం మీద ఉండేవి. మనిషి మొత్తంగా మాత్రం ఎవరి బుర్రలోనూ ఉండేవాడు కాదు.

అందుకే నేను బెడ్లు పంచాను. అదొక సంస్కరణ చేశాననే అనుకున్నాను.

అక్కకి ఆ చివరి బెడ్లే ఎందుకిచ్చానంటే, ఆమె అడిగింది. పదిహేనేళ్ళ సర్వీసు. నెల్లూరులో, చెన్నైలో చేసి, మా దగ్గరికి నాకన్నా ఆలస్యంగా వచ్చింది కాబట్టి కాగితం మీద నా కింద. “నువ్వు నాకు పేషెంట్లను పంచేదేంది గానీ, ఆ చివర నాకిచ్చెయ్” అంది మొదటి రోజే. ఎదురు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మొదటి పది బెడ్లు కొత్తమ్మాయికి ఇచ్చాను. బీఎస్సీ నర్సింగ్ అయి ఎనిమిది నెలలైన పిల్ల. స్టేషన్ పక్కనే కదా, ఏదన్నా అయితే నేను దగ్గరే ఉంటానని నా తర్కం. ఒక చిన్న సంగతి నా తలకెక్కలేదు. సీరియస్‌గా ఉన్నవాళ్ళందరినీ స్టేషన్ పక్క బెడ్లలోనే వేస్తారు, కళ్ళ ముందుంటారని. అంటే ఆక్సిజన్లు, ముక్కులోంచి కడుపుదాకా వేసే రైల్స్ ట్యూబులు, స్పృహ సరిగా లేనివాళ్ళు, తాగుడు మానేసి రెండో రోజుకి వణుకుతూ చేతికి పెట్టిన సెలైన్ సూది (క్యాన్యులా) పీక్కునేవాళ్ళు, అందరూ ఆ పదిలోనే.

నాలుగో రాత్రి తెల్లవారుజామున జరిగింది.

ఆరు గంటలకు షుగర్లు చూడాలి. ఆ రోజు తొమ్మిది మందికి ఉన్నాయి. నేను 16వ బెడ్ దగ్గర వెయిన్ దొరక్క తంటాలు పడుతున్నాను. అటుగా పోతున్న అసిస్టెంట్ అమ్మాయితో, “అమ్మా, అందరి షుగర్లూ ఒకసారి చూసెయ్యవా” అన్నాను. “సరే అక్కా” అంది. చూసింది. తొమ్మిది మందివీ చూసి, తొమ్మిదీ చార్టులో నీటుగా, టైముతో సహా రాసింది.

7వ బెడ్‌లో అరవై దాటిన మనిషి. కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇన్సులిన్ మీద ఉన్నాడు. కిడ్నీ బాగా లేనివాళ్ళలో ఇన్సులిన్ ఒంట్లోంచి తొందరగా పోదు, మామూలు డోసే ఎక్కువసేపు పనిచేస్తుంది. పైగా ముందురోజు రాత్రి సగం ఇడ్లీ తిని, వద్దని తోసేసి పడుకున్నాడు. 6:05కి ఆయన షుగర్ 54, అంటే బాగా తక్కువ. చార్టులో ఉంది. ఎవరికీ తెలియదు.

కొత్తమ్మాయి అప్పటికి నలభై నిమిషాలుగా 3వ బెడ్ దగ్గరే ఉంది. ఆయాసంతో కూర్చోలేక, పడుకోలేక అల్లాడుతున్న మనిషికి నెబ్యులైజేషన్ పెట్టి, డాక్టర్ని పిలిచి, ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పరీక్ష) తీయించి, అక్కడ తెమిలేసరికి ఏడు కావొస్తోంది. టిఫిన్ బండి చప్పుడు వినగానే ఇన్సులిన్లు గుర్తొచ్చాయి. నిన్నటి ఆర్డర్ ప్రకారం 7వ బెడ్ డోసు లోడ్ చేసుకుని వెళ్ళింది. పేషెంట్ భార్య దుప్పటి మడతపెడుతూ, “ఈయన బనీను తడిసిపోయిందమ్మా, ఫ్యాను కింద కూడా ఏంటో ఈ చెమటలు” అంది. ఆవిడ ఆ మాట అనకపోతే ఏమయ్యేదో తలచుకోవడం నాకిప్పటికీ ఇష్టం లేదు. కొత్తమ్మాయి చెయ్యి పట్టుకు చూస్తే చల్లగా, జిగటగా ఉంది. పిలిస్తే ముద్ద ముద్దగా ఏదో అన్నాడు. సిరంజి ట్రేలో పడేసి నన్ను కేకేసింది. మళ్ళీ చూస్తే 46. మింగే స్థితిలో లేడు కాబట్టి నోటికేం పెట్టలేదు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎంఎల్ ఎక్కించాం. పావుగంటకి కళ్ళు తెరిచి, “టీ తెమ్మను” అన్నాడు. అప్పుడు 128. నా కాళ్ళల్లో వణుకు మాత్రం బస్సెక్కేదాకా తగ్గలేదు.

ఇన్సిడెంట్ ఫారం రాశాం. మర్నాడు పిలిచి అడిగినవాళ్ళందరూ ఆ అసిస్టెంట్ పిల్లనే అడిగారు. 54 వస్తే చెప్పొద్దా అని. ఆ పిల్ల ఏడుస్తూ ఒకే మాట అంది. “షుగర్లు చూడమన్నారు, చూశాను మేడం. రాశాను కూడా.”

రెండు రోజులపాటు నేనూ వాళ్ళతో పాటు తల ఊపాను. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మూడో రాత్రి ఆ పిల్ల నాతో మాట్లాడకుండా బెడ్‌పాన్లు సర్దుతుంటే, నేను ఆమెకు చెప్పిన వాక్యాన్ని మనసులో మళ్ళీ అనుకున్నాను. అందరి షుగర్లూ చూసెయ్యి. అందులో తక్కువైతే రమ్మని ఉందా? ఎంతైతే తక్కువో ఉందా? ఎవరికి చెప్పాలో ఉందా? కొత్తమ్మాయికి ఆ పని నేను వేరేవాళ్ళకు అప్పగించానన్న సంగతే తెలియదు. మన తెలుగులో ‘చూడు’ అనేది చాలా మోసపు మాట. పిల్లల్ని చూడు అంటే పెంచమని, పాలు చూడు అంటే పొంగకుండా కాపు కాయమని, టైం చూడు అంటే చూసి చెప్పమని, పేషెంట్‌ని చూడు అంటే... ఏమని? ఎవరికి తోచిందే దాని అర్థం. రాత్రంతా మేం ఒకరికొకరం చెప్పుకునేది ఆ ఒక్క మాటే. 12 కాస్త చూడు. ఆ సెలైన్ చూడు. నేను టీ తాగొస్తా, కాస్త చూస్తుండు. మర్నాడు మేడం గదికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఫారంలో నా మాట కూడా చేర్చమన్నాను. మేడం కళ్ళజోడు మీదనుంచి చూసి, ఏమీ అనకుండా ఫారం నా వైపు జరిపింది.

పంపకం సంగతి నేర్పింది నెల్లూరు అక్క. తనంతట తానే. ఆ రాత్రి నా కాగితం లాక్కుని, “ఏమ్మే, సంతలో వంకాయలు పంచినట్టు పంచుతుండావే” అంది. తర్వాత పెన్ను తీసుకుని ప్రతి బెడ్ నంబరు పక్కనా ఒక గుర్తు వేయడం మొదలెట్టింది. పావలా, అర్ధరూపాయి, రూపాయి, రూపాయిన్నర.

పావలా పేషెంటంటే లేచి తిరుగుతాడు, మాత్రలు తనే వేసుకుంటాడు, రేపో ఎల్లుండో డిశ్చార్జ్. అర్ధరూపాయంటే ఇంజెక్షన్లు, సెలైన్, ఇన్సులిన్ ఉన్నాయిగానీ మనిషి నిలకడగా ఉన్నాడు. రూపాయంటే ఆక్సిజన్ ఉంది, లేదా ట్యూబ్ ఫీడ్స్, రెండు గంటలకోసారి పక్క మార్చాలి, గంటగంటకీ యూరిన్ కొలవాలి. రూపాయిన్నరంటే నువ్వు పక్కనే నిలబడాలి. రక్తం ఎక్కుతోంది, లేదా మతి స్థిమితంలో లేక లేచి పరిగెత్తబోతున్నాడు, లేదా ఏ క్షణాన ఐసీయూకి పంపాల్సొస్తుందో తెలీదు.

మొత్తం కూడితే ఆ రాత్రి ఇరవై రూపాయలు. నేను గీసిన గీతల ప్రకారం లెక్కేసింది. కొత్తమ్మాయి నెత్తిన తొమ్మిదిన్నర. నా దగ్గర ఆరు. అక్క దగ్గర నాలుగున్నర. బెడ్ల లెక్కలో చూస్తే పది, పదకొండు, పదకొండు. పైగా ఆ పిల్లకే ఒకటి తక్కువిచ్చానని నేను లోలోపల తృప్తిపడ్డాను కూడా.

అక్క ఆ నాలుగున్నర వైపు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఎనిమిది నేను మోస్తాలే. ఆ పిల్లకి ఆరున్నర. నీకు ఐదున్నర చాలు” అంది. నాకెందుకు తక్కువని అడిగాను. ఇన్‌చార్జ్ చేతులు ఖాళీగా ఉండాలంట. ఎవరికి ఏం ముంచుకొచ్చినా పోవాల్సింది నువ్వే, నీ జేబు నిండిపోయి ఉంటే ఎవరికిస్తావు అంది. రాత్రి పదకొండు తర్వాత క్యాజువాలిటీ నుంచి అడ్మిషన్ వచ్చితీరుతుంది, అందుకోసం ముందే ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ముప్పావలా మిగిల్చి ఉంచాలని కూడా ఆమే చెప్పింది. ఆ వచ్చేవాడు ఎవరి వంతో ఎనిమిదింటికే రాసుకోవాలి, స్ట్రెచర్ తలుపు దగ్గరికొచ్చాక వాదులాడుకోకూడదు.

లెక్క కుదిరాక కూడా కొన్ని ముడులు ఉంటాయి. దగ్గుతో టీబీ అనుమానం ఉన్న మనిషిని, కీమో అయి తెల్లరక్తకణాలు పడిపోయిన మనిషిని ఒకే నర్సు చూడకూడదు. కడుపుతో ఉన్న సిస్టర్‌కి చికెన్‌పాక్స్ పేషెంట్‌ని ఇవ్వకూడదు. నిన్న చూసినవాళ్ళనే ఇవాళా ఇస్తే మంచిది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపెట్టేది వాళ్ళే. అలాగని గొడవపడే అటెండర్లున్న (తోడుగా ఉండే బంధువులున్న) పేషెంట్‌ని ఐదు రాత్రులూ ఒక్కరికే అంటగడితే ఆరో రోజు ఆ నర్సు సెలవు పెడుతుంది. నేను ఒక్కసారి అలా చేసి, ఆరో రోజు ఇద్దరమే వార్డు నడిపాం.

నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది డెంగ్యూ. వానాకాలం చివర్లో మా వార్డు సగం అవే. ఒక రాత్రి 20వ బెడ్ కుర్రాడికి పావలా వేశాను. ఐదో రోజు, జ్వరం తగ్గిపోయింది, లేచి ఫోన్ చూసుకుంటున్నాడు. అక్క దాన్ని కొట్టేసి రూపాయి వేసింది. డెంగ్యూలో జ్వరం దిగిందంటే ప్రమాదం దాటిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. అసలు ప్రమాదం మొదలయ్యేదే అప్పుడు. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, జ్వరం దిగే వేళ రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటకు కారుతుంది. ప్లేట్‌లెట్ల అంకె కోసం అందరూ కళ్ళు కాయలు కాచేలా చూస్తారుగానీ, ఆ గంటల్లో చూడాల్సింది కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మనిషి మందకొడిగా అయిపోవడం, బీపీలో పై అంకెకీ కింది అంకెకీ మధ్య దూరం తగ్గిపోవడం. ఆ తేడా 20కి వచ్చిందంటే పై అంకె బాగానే కనబడుతున్నా షాక్‌లోకి వెళ్తున్నట్టే. అంటే ఇప్పుడు ఎలా ఉన్నాడన్నదొక్కటే చూసి వెల కడితే కుదరదు, తెల్లారేలోపు ఏం కావచ్చో కూడా అందులో కలపాలి. ఈ మాట ఏ పేరాలోనూ చదివిన గుర్తు లేదు నాకు.

ఇక అప్పగింత. మందులివ్వడానికి ఐదు రైట్స్ ఉన్నట్టే, పని అప్పగించడానికీ ఐదు రైట్స్ ఉన్నాయని ఒక ట్రైనింగ్ క్లాసులో చెప్పారు. సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన సూచన, తర్వాత సరైన పర్యవేక్షణ. నేను ఆ రోజు చివరి రెండూ ఎగ్గొట్టాను. రెండోదీ సగం ఎగ్గొట్టానేమో. షుగర్ చూడటం అనే పని ఒకటే కావచ్చు. 25వ బెడ్‌లో నిలకడగా ఉన్నాయనకి చూడటం వేరు, కిడ్నీ పాడై రాత్రి తినని మనిషికి చూడటం వేరు.

ఇప్పుడు ఎలా చెప్తానంటే: “7వ బెడ్‌కి ఆరింటికి షుగర్ చెయ్యి. 70 కన్నా తక్కువున్నా, 300 దాటినా, రాయకముందే 7వ బెడ్ సిస్టర్ దగ్గరికెళ్ళి నోటితో చెప్పు. ఆమె పనిలో ఉంటే నాకు చెప్పు. చెమటలు, వణుకు ఉంటే అంకె ఎంతున్నా సరే పిలువు. ఆరుంబావుకి నేనే వచ్చి అడుగుతా.” పొడుగ్గానే ఉంటుంది. చెప్పడానికి పదిహేను సెకన్లు పడుతుంది. మొదట్లో నేను ఏం చెప్పానో తిరిగి చెప్పమంటే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. “నేనేమన్నా ఒకటో క్లాసా అక్కా?” అని. డ్యూటీ డాక్టర్ ఫోన్లో ఆర్డర్ ఇచ్చినప్పుడు నేను కూడా తిరిగి చదివి వినిపిస్తాను కదా, అది ఆమెకు చూపించాను. సార్ దగ్గర నేను ఒకటో క్లాసైతే నా దగ్గర నువ్వు అన్నాను. నవ్వింది. ఇన్సిడెంట్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఏవి అప్పగించొచ్చో, ఏవి కూడదో కూడా రాసుకున్నాం. స్పాంజ్ బాత్, పక్క మార్చడం, బాగా మింగగలిగిన మనిషికి తినిపించడం, యూరో బ్యాగ్ ఖాళీ చేసి కొలవడం, నిలకడగా ఉన్నవాళ్ళ బీపీ, టెంపరేచర్, ఇవి ఇవ్వొచ్చు. కొత్త అడ్మిషన్‌కి మొదటిసారి చూడటం, ఏదైనా ప్రొసీజర్ నుంచి తిరిగొచ్చిన మనిషిని మొదటిసారి చూడటం మాత్రం నర్సే చేయాలి. ఇన్సులిన్, పొటాషియం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇద్దరు నర్సులు చూసుకుని ఇవ్వాలి. రక్తం బ్యాగ్ వేసిన మొదటి పావుగంట నర్సు అక్కడినుంచి కదలకూడదు, అదైతే ఎంత బిజీగా ఉన్నా సరే. తర్వాత కొన్నాళ్ళకి మా ఆసుపత్రిలో న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) చార్టు పెట్టారు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తయారుచేసిందే, 2017లో మార్చిన రకం. ఊపిరి, ఆక్సిజన్ శాతం, అదనపు ఆక్సిజన్ ఉందా, పై బీపీ, నాడి, స్పృహ, టెంపరేచర్, ఏడింటికీ మార్కులు. కలిపితే 5 వస్తే తొందరగా డాక్టర్‌కి చెప్పాలి, 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఎమర్జెన్సీ. నాకు ఈ ఫారాల మీద పెద్ద ప్రేమ లేదుగానీ, దీనితో ఒక మేలు జరిగింది. అంతకుముందు అసిస్టెంట్ పిల్ల “అక్కా, ఎందుకో ఆయన బాగాలేడనిపిస్తోంది” అనడానికి జంకేది. ఇప్పుడు “9వ బెడ్‌కి ఆరు వచ్చింది” అంటుంది. అంకె చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

చార్టులోకి ఎక్కనివి ఆయమ్మకి తెలుస్తాయి. మా ఆయమ్మ ఆ వార్డులో ఇరవై ఏళ్ళుగా ఉంది. మాలో ఎవరికన్నా సీనియర్, జీతం మాత్రం అందరికన్నా తక్కువ. ఒక రాత్రి పక్షవాతం వచ్చిన తాతకి పక్కబట్టలు మార్చి వచ్చి, “సిస్టరమ్మా, ఆ తాత నిన్న నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. ఇయ్యాల పట్టట్లా” అంది. వెళ్ళి చూస్తే ఆ పక్క చెయ్యి నిజంగానే ఇంకా పడిపోయింది. డాక్టర్ వచ్చి స్కాన్‌కి పంపారు. అప్పట్నుంచి ఎనిమిదింటి హ్యాండోవర్‌లో ఆయమ్మనీ, వార్డ్ బాయ్‌నీ కూడా నిలబెట్టుకుంటున్నాను. ఎవరికి మంచం దిగే ఓపిక లేదు, ఎవరికి నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎవర్ని ఒంటరిగా బాత్రూంకి పంపకూడదు, ఇవి వాళ్ళు మొదట వినాలి. నెల్లూరు అక్క మొదట్లో “వీళ్ళెందుకు” అని విసుక్కుంది. తాత తర్వాత అనలేదు.

మనం అప్పగింతగా లెక్కలోకే తీసుకోని అప్పగింత ఇంకొకటుంది, అటెండర్లకు చేసేది. మన ఆసుపత్రుల్లో సగం నర్సింగ్ చేసేది వాళ్ళే. ట్యూబ్‌లో పాలు పోసేది కోడలు, పక్క మార్చేది కొడుకు, మాస్క్ జారితే సర్దేది మంచం కింద చాప మీద పడుకున్న భార్య. “అమ్మా, కాస్త చూస్తుండండి” అని వెళ్ళిపోతాం. ఏం చూడాలో చెప్పం. ఒకసారి గుండె జబ్బున్న పెద్దావిడకి నెమ్మదిగా పెట్టిన సెలైన్, తెల్లారేలోపు అయిపోతే ఇంటికి పంపిస్తారనుకుని ఆమె మనవడు సెలైన్ వేగం మార్చే చక్రం తిప్పేశాడు. గంటలో ఆవిడకి ఆయాసం అందుకుంది. ఒంట్లో నీరు తీసే లాసిక్స్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టి, ఆ రాత్రి ముగ్గురం ఆవిడ చుట్టూనే. కుర్రాణ్ణి తిట్టడానికి నోరు తెరిచి ఆగిపోయాను. “సెలైన్ చూస్తుండు నాన్నా” అని వాడికి చెప్పింది నేనే. వాడు చూశాడు.

ఇప్పుడు ట్యూబ్ ఫీడ్ మొదటిసారి నర్సు పోస్తుంది, రెండోసారి అటెండర్ పోస్తుంటే నర్సు పక్కన నిల్చుంటుంది. తల వైపు మంచం ఎత్తిందా, పోశాక అరగంటైనా అలాగే ఉంచారా, దగ్గొస్తే ఆపారా అని చూశాకే మూడోసారి వాళ్ళకి వదిలేది. చక్రం ముట్టుకోవద్దని ముందే చెప్తాం, ఎందుకు ముట్టుకోకూడదో కూడా. ఎందుకో చెప్పకపోతే మనవళ్ళు ఆగరు.

ఇవన్నీ చేస్తే వార్డు పూలబాటైందని కాదు. రద్దీ ఉన్న రాత్రి నా నోట్లోంచి మళ్ళీ ‘కాస్త చూడు’ జారిపోతుంది. అసిస్టెంట్ పిల్ల వెంటనే, “ఏం చూడాలి, ఎంతుంటే పిలవాలి అక్కా?” అని అడుగుతుంది. కొత్తమ్మాయి యూకే వెళ్ళడానికి ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షకి చదువుకుంటోంది, వెళ్ళిపోతుంది. ఆమె జాగాలో ఇంకో కొత్తమ్మాయి వస్తుంది, మళ్ళీ పావలా అంటే ఏమిటో మొదట్నుంచి చెప్పాలి. ఈ కాలం పిల్లలు పావలా చూసి కూడా ఉండరు.

పంచుకునేదాన్ని సరిగ్గా పంచొచ్చుగానీ, మొత్తమే ఎక్కువైతే ఏ పంపకమూ చాలదు. అందుకని రోజూ ఎనిమిదిన్నరకి సూపర్‌వైజర్ మేడంకి ఫోన్ చేసి మొత్తం చెప్తాను. మొదట్లో రూపాయలేంటమ్మా అని నవ్వింది. ఇప్పుడు ఆవిడే “ఇవాళ ఎంత?” అంటుంది. ఇరవై నాలుగు దాటితే వేరే వార్డు నుంచి ఒకరిని పంపాలని ఇద్దరం నోటిమాటగా అనుకున్నాం. కొన్ని రాత్రులు పంపుతుంది. నిన్న ఇరవై ఆరున్నర అన్నాను. “ఐసీయూలోనే ఒకరు తక్కువున్నారు, ఈ రాత్రికి సర్దుకోండమ్మా” అంది. ఆ అంకె, ఆ మాట, టైము రిజిస్టర్లో రాసి, తెల్ల కాగితం తీసుకుని గీతలు గీయడం మొదలుపెట్టాను. అక్క తొమ్మిదిన్నర తీసుకుంది.